పల్లెసేవకు పైచదువు

వనపర్తి రాజమహల్ 1959లో పాలిటెక్నిక్ కాలేజీ అయింది. ఆ సంస్థాన వారసుడు జె. రామేశ్వర్‌రావు అప్పటికే ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేసి వచ్చి, 1957 ఎన్నికల్లో మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు. ఆ ఏడాదే గోల్డ్ కోస్ట్ స్వతంత్రం పొంది ఘనాగా మారింది. మరో మూడేళ్లకు ఆ ఘనా పేరే అమెరికాలో ఒక అర్ధరాత్రి సభలో వినిపించింది.

1960 అక్టోబరు 14. తెల్లవారుజామున రెండు గంటలు. ఎన్నికల ప్రచారంలో ఉన్న జాన్ ఎఫ్. కెన్నెడీ మిషిగన్ విశ్వవిద్యాలయానికి ఆలస్యంగా చేరుకున్నారు. అప్పటికీ వేలమంది విద్యార్థులు ఇళ్లకు పోకుండా ఎదురుచూస్తున్నారు. డాక్టర్లు కాబోతున్న మీలో ఎంతమంది ఘనా వెళ్లి కొన్నాళ్లు పనిచేస్తారని ఆయన అడిగారు. అధ్యక్షుడయ్యాక 1961 మార్చి 1న, అమెరికన్లను ఇతర దేశాల్లో సేవకు పంపే పీస్ కోర్‌ను స్థాపించారు. ఆ ఆగస్టు చివర్లో మొదటి వాలంటీర్ల విమానం దిగింది ఘనా రాజధాని అక్రాలోనే.

భారత్‌కు కూడా అదే ఏడాది దారి పడింది. పీస్ కోర్ తొలి డైరెక్టర్ సార్జెంట్ శ్రైవర్ ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశారు. మొదటి జట్టు పంజాబ్ చేరింది. తర్వాతి ఏళ్లలో కోళ్ల పెంపకం, పౌష్టికాహారం, వ్యవసాయం పనుల మీద వాలంటీర్లు అనేక రాష్ట్రాలకు వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవాళ్లు తెలుగు నేర్చుకున్నారు. 1976లో భారత్‌లో ఆ కార్యక్రమం ముగిసింది.

పని ముగించి ఇంటికి పోయినవాళ్ల సంగతేమిటి?

ఆ సంగతి మొదట్లోనే ఆలోచించారు కానీ, పరిష్కారం చిన్నది. పనిచేసిన ప్రతి నెలకు 75 డాలర్లు పక్కన పెట్టి, తిరిగి వెళ్లేటప్పుడు చేతిలో పెట్టేవారు. రెండేళ్లకు 1,800 డాలర్లు. కొత్తగా కాపురం పెట్టుకోవడానికి సరిపోతుందేమో గానీ, ఎమ్మే చదవడానికి చాలదు. పైగా ఊరి బావి గట్టు మీద నేర్చుకున్న విద్యకు మార్కుల మెమో ఉండదు.

ఆ లోటును పట్టించుకున్నది న్యూయార్క్ బడులు. 1985లో అక్కడి ప్రభుత్వ పాఠశాలలకు టీచర్లు దొరకడం కష్టంగా ఉంది. పరాయి దేశంలో, పరాయి భాషలో, చాక్‌పీసు కూడా కరువైన బడిలో పాఠం చెప్పి వచ్చినవాళ్లు మాత్రం ఊళ్లో తిరుగుతున్నారు. కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ ఈ రెంటినీ ముడివేసింది. సేవ ముగించి వచ్చిన వాలంటీర్లు నగరంలోని బడుల్లో పాఠాలు చెబుతారు, పక్కనే మాస్టర్స్ చదువుతారు, ఫీజుల్లో సాయం అందుతుంది. ఇప్పుడు వందకు పైగా విశ్వవిద్యాలయాలు నడుపుతున్న ఫెలోషిప్ ఇలా మొదలైంది.

1987లో దీనికి ఒక చెల్లెలు పుట్టింది. ముందు కొంత చదివి, మధ్యలో పీస్ కోర్‌కు వెళ్లి, తిరిగి వచ్చి డిగ్రీ పూర్తిచేసే పద్ధతి అది. పేరు మాస్టర్స్ ఇంటర్నేషనల్. 2016లో దాన్ని ఆపేశారు.

అక్క, అంటే న్యూయార్క్‌లో మొదలైన ఫెలోషిప్, మాత్రం నిలబడింది. 1989 నుంచి 1991 దాకా పీస్ కోర్ డైరెక్టర్‌గా ఉండి, తర్వాత జార్జియా సెనేటర్ అయి, 2000లో కన్నుమూసిన పాల్ కవర్‌డెల్ పేరు దానికి పెట్టారు. ఫీజులో ఎంత తగ్గిస్తారో, నెలకు ఎంత ఇస్తారో విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. మారనిది ఒక్కటే. చదువుతూనే అమెరికాలోని వెనకబడిన పేటల్లో, పల్లెల్లో పనిచేయాలి. సేవ చేసినందుకు ఇచ్చే చదువులో మళ్లీ సేవే పాఠం.

విద్యకు ఖర్చుపెట్టడం వనపర్తి ఉన్న పాలమూరు నేలకు కొత్తకాదు. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు ఊరికే రాలేదు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి సన్మానాలు అందుకున్నారు. అయితే ఆ సంస్థానాల సభల్లో పరీక్ష పాండిత్యానికి. అవధానంలో తడబడితే శాలువా దక్కదు. కవర్‌డెల్ దరఖాస్తు మాత్రం ఎక్కడ ఉన్నావు, ఎవరితో కలిసి పనిచేశావు అని అడుగుతుంది.

పీస్ కోర్ అమెరికా పౌరులకే. కనుక పాలమూరులోని నాగర్‌కర్నూల్ యువతికి కవర్‌డెల్ తలుపు తెరుచుకోదు. మన దగ్గర సేవకు పెద్ద వేదిక జాతీయ సేవా పథకం. గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో, 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. శిబిరాలు పెట్టి రోడ్లు వేయించింది, చెట్లు నాటించింది. సర్టిఫికెట్ ఇచ్చింది.

పైచదువు దాకా తీసుకెళ్లే దారి మరొకటుంది. 1950 ఫిబ్రవరిలో భారత్, అమెరికా కుదుర్చుకున్న ఒప్పందంతో ఫుల్‌బ్రైట్ ఇక్కడికి వచ్చింది. 2008లో భారత్ సమాన వాటాదారు అయ్యాక ఫుల్‌బ్రైట్-నెహ్రూగా మారింది. ఇందులోని మాస్టర్స్ ఫెలోషిప్‌కు మంచి మార్కులు ఒక్కటే చాలవు. కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, నాయకత్వం, సమాజసేవ చేసిన దాఖలా చూపాలి. ప్రజారోగ్యం, పర్యావరణం, ప్రభుత్వ పాలన వంటి రంగాలకు చోటుంది. ఎంపికైతే ఫీజు, ప్రయాణం, బస ఖర్చులు వాళ్లే చూసుకుంటారు.

చదువు అయ్యాక అక్కడే ఉండిపోవడం కుదరదు. ఈ ఫెలోషిప్‌కు ఇచ్చే వీసా నిబంధన ప్రకారం రెండేళ్లు సొంత దేశంలో గడపాలి. పీస్ కోర్ వాలంటీరు ముందు పల్లెకు పోయి, తర్వాత కాలేజీకి వెళ్తాడు. నాగర్‌కర్నూల్ యువతి ఊళ్లో పనిచేసి, అమెరికాలో చదివి, మళ్లీ కనీసం రెండేళ్లకైనా ఇక్కడికే వస్తుంది.