కెమిస్ట్రీ కుర్రాడి కీర్తన

మేముండే కనెక్టికట్‌లో మిడిల్‌టౌన్ అని చిన్న ఊరుంది. అక్కడి వెస్లియన్ యూనివర్సిటీలో ఏటా నవరాత్రి కచేరీలు పెడతారు. మొన్న విరామంలో ఓ పొడుగాటి అమెరికన్ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "మీరు తెలుగువారా? 'ళ' ఎలా పలకాలో కాస్త చెబుతారా?" అన్నాడు. త్యాగరాజ కీర్తన నేర్చుకుంటున్నాడట. డిగ్రీలో ఏం చదువుతున్నావంటే, "కెమిస్ట్రీ, సంగీతం" అన్నాడు, ఉప్మాలోకి చట్నీ అన్నంత తేలిగ్గా.

మాది విజయనగరం. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరే. అయినా టెన్త్‌లో మా నాన్నగారు నా వయొలిన్‌ని అటకెక్కించి, "ర్యాంకు రానీ, తర్వాత చూద్దాం" అన్నారు. ర్యాంకు వచ్చింది. వయొలిన్ ఇంకా అటకమీదే ఉంది.

ఇక్కడివాళ్లు పుట్టుకతో సంగీతజ్ఞులనుకునేరు. ఈ ప్రాంతానికి మొదట వచ్చిన ప్యూరిటన్లు 1640లో అచ్చేసుకున్న కీర్తనల పుస్తకంలో స్వరాలే లేవు. గుడిలో ఒకాయన ఒక పాదం చదివితే మిగతావాళ్లు అందుకునేవారు. అచ్చం మన భజనే! మా వీధి రామకోవెల్లో తాతగారు ఎత్తుకున్న శ్రుతి ఒకటి, వెనక అందుకున్న ముప్ఫై గొంతుల శ్రుతులు ముప్ఫై. మధ్యలో తాళాలు కొట్టే సూరిబాబుది ఎవరికీ పట్టని వేగం. మంగళహారతి వేళకి అందరూ ఎలాగో ఒకచోటికి చేరేవారు. ప్రసాదం కోసమే అనుకోండి. రాముడెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక్కడి పాస్టర్లు మాత్రం అభ్యంతరం చెప్పారు. 1720ల్లో, స్వరం చూసి పాడటం నేర్చుకోవాలని పుస్తకాలే రాశారు. తాతల నాటి పద్ధతి చెడగొడుతున్నారని మరికొందరు కొట్లాడారు. ఆ గొడవలోంచే పాటల బళ్లు పుట్టాయి. తిరుగుడు మాస్టర్లు కొన్ని వారాలుండి నేర్పి పై ఊరికి పోయేవారు. వాళ్లలో విలియం బిల్లింగ్స్ అని బోస్టన్‌లో తోళ్లు పదునుచేసే ఆయన, ఒక కన్ను లేదు, 1770లో సొంత బాణీలతో పుస్తకం వేశాడు. నాకు ఈ దేశచరిత్రలో ప్రెసిడెంట్ల కంటే ఆయనే ఇష్టం.

తర్వాత లోవెల్ మేసన్ ఒక ఏడాది జీతం లేకుండా పాఠం చెప్పి చూపించాక, 1838లో బోస్టన్ బడుల్లోకి సంగీతం వచ్చింది. 1875లో హార్వర్డ్ సంగీతానికి ప్రొఫెసర్‌ని పెట్టింది. అసలు ఆ కుర్రాడు చదివే లిబరల్ ఆర్ట్స్ చదువు పాత లెక్కలో సంగీతం అంకగణితానికి, ఖగోళానికి తోబుట్టువు. విద్వాంసుణ్ణి తయారుచేయడం ఈ డిగ్రీ పని కాదు. రెండో ఏడు చివరిదాకా మేజర్ ఏమిటో తేల్చుకోకపోయినా ఎవరూ అడగరు. ఫీజు మాత్రం అడుగుతారు. ఎంతో చెబితే మీకు నిద్రపట్టదు.

వెస్లియన్‌ని 1831లో మెథడిస్టులు పెట్టారు. మద్రాసులో రంగనాథన్‌గారి దగ్గర మృదంగం నేర్చుకున్న రాబర్ట్ బ్రౌన్, 1960ల్లో గురువుగారినే ఇక్కడికి రప్పించాడు. వారి తమ్ముడు వేణువు విశ్వనాథన్, అక్కగారు నర్తకి బాలసరస్వతి కూడా ఇక్కడ నేర్పారు. జావా గామెలాన్ గంటలూ ఇక్కడే మోగుతాయి. 1962లో చరిత్ర, సంగీతం రెండూ చదివి డిగ్రీ పుచ్చుకున్న జాన్ హిగిన్స్ తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకి పాడాడు. మనవాళ్లు హిగిన్స్ భాగవతార్ అన్నారు. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, నలభై అయిదేళ్లకే.

కుర్రాడి నాలుక మడతపెట్టించడానికి పది నిమిషాలు పట్టింది. నేను "నీళ్లు, కళ్లు, ఊళ్లు" అంటుంటే ఫోన్‌లో మూడుసార్లు రికార్డు చేసుకున్నాడు. "మీ ఇంట్లో అందరూ ఇలాగే అంటారా?" అని అడిగాడు. తలూపాను. మా అమ్మాయి నీళ్లని "నీలు" అంటుందని చెప్పలేదు.