పాపికొండలకు కాలిబాట ఎందుకు లేదు?

తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి విజయవాడ నుంచి భద్రాచలం దాటి జగదల్‌పూర్ వైపు పోతుంది. ఈ ప్రాంతం వారు పాపికొండలు చూడాలంటే ఆ దారినే భద్రాచలం చేరి, పోచవరం దగ్గర లాంచీ ఎక్కుతారు. పేరంటపల్లిలో దిగి, శివాలయం మెట్లెక్కి, కొండమీంచి పారే నీళ్లు తాగి, వెదురుపూలు కొనుక్కుని తిరిగొస్తారు. రాష్ట్రంలోని ఈ పెద్ద జాతీయ ఉద్యానవనాన్ని ఇన్నేళ్లుగా నీటిమీద నుంచే చూస్తున్నాం. ఇందుకు కారణం కొండల నిటారుతనం ఒక్కటే కాదు. వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ఇక్కడ గోదావరి నదినే దారిగా ఎంచుకుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, బేరార్ ప్రాంతపు పత్తిని గోదావరి మీదుగా తీరానికి దింపాలని ఆ ఆనకట్ట కట్టించిన బ్రిటిష్ ఇంజనీరు కాటన్ తలపెట్టాడు. రాళ్ల అవరోధాలు దాటించడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు పెరిగి 1871లో ఆ పథకాన్ని మానేశారు. దారి అంటే నదే అన్న ఆలోచన మాత్రం మిగిలిపోయింది. కలప, వెదురు కూడా నీటిమీదే దిగాయి. 1940లలో గూడేల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఇక్కడి గిరిజనులైన కొండరెడ్ల పోడు సాగునూ, వర్తకుల చేతిలో వారి అప్పులనూ గ్రంథస్థం చేశాడు. అడవిలో కాలిబాటలు అప్పుడూ ఉన్నాయి, కానీ అవి గూడెం వారివి. 1973లో ‘అందాల రాముడు’, 2006లో ‘గోదావరి’ సినిమాలు పడవ ప్రయాణాన్నే జనం మనసుల్లో నిలిపాయి. 1978లో అభయారణ్యమై, 2008లో జాతీయ ఉద్యానవనమైన సుమారు 1,012 చదరపు కిలోమీటర్ల అడవి లాంచీ ప్రయాణికుడికి ఒడ్డున కనిపించే పచ్చదనంగానే ఉండిపోయింది.

పర్యాటకులకు ఇక్కడ కాలిబాట తెరుద్దామంటే, మనుషులు నడిస్తే అడవి చెడుతుందని కొందరంటారు. ఆ భయం సహేతుకమే. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతితో పర్యటనకు వీలిస్తుంది. పది మందిలోపు బృందం, వెంట స్థానిక గైడు, నిర్ణీత బాట, వానాకాలం సెలవు అనే షరతులు పెడితే, వందల మందిని మోసే లాంచీలకన్నా అడవి మీద ఆ నడక భారం తక్కువే. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు నడిపే అడవి బసలు అందుకు దగ్గరి నమూనా. నడక ప్రమాదకరమన్నది రెండో అభ్యంతరం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరదలో లాంచీ మునిగి పదుల మంది చనిపోయారు. పడవ కూడా క్షేమం కాదని, ఏ దారికైనా కట్టుదిట్టమైన నిబంధనలే రక్షణ అని ఆ ఘటన తేల్చింది.

అసలు చిక్కు గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టు. దాని జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లకు చేరితే ఒడ్డు గూడేలు మునుగుతాయి, బాటలు తెలిసిన కొండరెడ్లు పునరావాస కాలనీలకు తరలిపోతారు. కాబట్టి అటవీశాఖ చేయవలసిన మొదటి పని కొత్త లాంచీ రేవు కట్టడం కాదు. ఆ బాటలను వాళ్ల చేతే గుర్తింపజేసి, మార్గదర్శకుల ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వాలి. నిర్వాసితులయ్యాక వాళ్లను వెతికి తెచ్చుకోవడం కష్టం.