వెబ్ చిరునామాల వ్యాలిడేషన్

వెబ్ చిరునామాల వ్యాలిడేషన్ అంటే, ప్రోగ్రామ్‌కు అందిన యూఆర్ఎల్ నియమాల ప్రకారం ఉందో లేదో కోడ్‌తో సరిచూడటం. ఆ కోడ్ తన పని సరిగా చేస్తోందో లేదో తప్పు, ఒప్పు ఉదాహరణలతో తేల్చుకోవడం టెస్టింగ్. యూఆర్ఎల్ రూపాన్ని 1994 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 1738 నిర్వచించింది. 2005 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3986 ఇప్పుడు సాధారణ ప్రమాణం. బ్రౌజర్లు మాత్రం వాట్‌డబ్ల్యూజీ బృందం నిర్వహించే యూఆర్ఎల్ ప్రమాణాన్ని పాటిస్తాయి. ఈ రెండింటికీ అన్నిచోట్లా పొత్తు కుదరదు. తెలుగు లిపిలో డొమైన్లు, పేజీ పేర్లు వచ్చాక సరిచూపు మరింత చిక్కుపడింది. విశాఖపట్నానికి సంబంధించిన మూడు నాలుగు పేర్లు తీసుకుంటే చాలు, ఆ చిక్కుల్లో ముఖ్యమైనవి బయటపడతాయి.

చెక్ డిజిట్ లేని గుర్తింపు

పోర్టులకు వచ్చే కంటైనర్ల మీద ఐఎస్ఓ 6346 ప్రకారం 4 అక్షరాలు, 6 అంకెలు, చివర ఒక చెక్ డిజిట్ ఉంటాయి. ఓడల ఐఎంఓ సంఖ్యలో 7 అంకెలు. మొదటి ఆరింటిని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, మొత్తంలోని ఒకట్ల స్థానపు అంకె ఏడో అంకెతో సరిపోవాలి. విశాఖ పోర్టు గేటు దగ్గర టైపింగ్‌లో దొర్లే తప్పుల్లో చాలావాటిని కంప్యూటర్ ఇలాంటి లెక్కలతోనే పట్టుకోగలదు.

యూఆర్ఎల్‌కు అలాంటి తనిఖీ అంకె లేదు. ఒక అక్షరం మారితే అది తప్పుడు చిరునామాగా కనిపించదు, నిక్షేపంగా మరొకరి చిరునామా కావచ్చు. అందుకే ఇక్కడ మూడు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. రూపం సరిగ్గా ఉందా? ఆ చోట నిజంగా ఏదైనా ఉందా? దాన్ని తెరవడం క్షేమమా? మొదటిదానికి చిరునామాను చూసి జవాబు చెప్పవచ్చు. రెండోదానికి నెట్‌వర్క్ కావాలి. మూడోదానికి ఆ రెండూ చాలవు.

తెలుగు డొమైన్లు

డొమైన్ వ్యవస్థ మొదటినుంచీ ఆంగ్ల అక్షరాలు, అంకెలు, హైఫన్‌లతో నడిచింది. ఇతర లిపుల పేర్లను ఆ అక్షరాల్లోకి మార్చే ప్యూనీకోడ్ పద్ధతి 2003 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 3492గా వచ్చింది. డొమైన్‌లోని ఒక్కో భాగం 63 అక్షరాలు దాటరాదన్న పరిమితి ఈ మార్చిన రూపానికే వర్తిస్తుంది. అంటే తెరమీద కనిపించే తెలుగు అక్షరాలను లెక్కపెట్టడం సరిచూపు కాదు.

2007లో డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ సంస్థ ప్రయోగం కోసం 11 డొమైన్లను ఆ వ్యవస్థ పైస్థాయి జాబితా అయిన రూట్‌లో చేర్చింది. వాటిలో హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. 2011లో ‘.భారత్’కు ఏడు లిపుల్లో చోటు దక్కింది, వాటిలో తెలుగు ఒకటి. దీన్ని నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా (నిక్సీ) నిర్వహిస్తోంది. రూట్ స్థాయిలో తెలుగు పేర్లకు పాటించాల్సిన నియమాలను నియో బ్రాహ్మీ జనరేషన్ ప్యానెల్ రూపొందించింది, అవి 2019లో అమలు నియమావళిలో చేరాయి. తెలుగు, కన్నడ లిపుల్లో ఒకేలా కనిపించే అక్షరాల వల్ల ఒక పేరును మరొకటిగా పొరబడే ప్రమాదాన్నీ ఆ నియమాలు లెక్కలోకి తీసుకున్నాయి.

విశాఖ పేర్లతో నాలుగు పరీక్షలు

విశాఖపట్నం: ఇది కంటికి అయిదు అక్షరాలు, యూనికోడ్‌లో 10 సంకేతాలు. వాటిలో ఆరే ‘అక్షర’ వర్గానివి. గుడి, దీర్ఘం, పొల్లు, సున్న ‘గుర్తుల’ వర్గంలోకి వస్తాయి. అక్షరాలు, అంకెలు మాత్రమే చాలనుకుని రాసిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఈ పేరును మొదటి గుడి దగ్గరే ఆపేస్తుంది. యూటీఎఫ్-8లో ఈ పేరు 30 బైట్లు. తెలుగు వికీపీడియాలో విశాఖపట్నం పేజీ లింకు కోడ్‌లోకి వెళ్లేటప్పుడు ప్రతి బైటూ ఒక శాతం గుర్తు, రెండు హెక్సాడెసిమల్ అంకెల రూపం దాలుస్తుంది. అంటే ఒక్క ఊరి పేరే 90 అక్షరాలవుతుంది. డేటాబేస్‌లో ఇరుకైన గడి పెడితే లింకు మధ్యలో తెగిపోతుంది.

వైజాగ్: ఇందులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం మీద ఐత్వపు తోక చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద తేడా ఉండదు, పోల్చి చూస్తే మాత్రం రెండూ వేర్వేరు. పోల్చేముందు యూనికోడ్ నిర్దేశించిన ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చాలి.

స్టీల్‌ప్లాంట్: ‘ల్’ తర్వాత ‘ప్ల’ విడిగా నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. అది లేకపోతే ‘ల్ప్లా’ అని ముద్దకట్టేస్తుంది. 2003 నాటి అంతర్జాతీయ డొమైన్ నియమాలు (ఐడీఎన్ఏ) ఈ గుర్తును తీసిపారేస్తాయి. 2010లో వచ్చిన నియమాలు పొల్లు తర్వాత దాన్ని అనుమతిస్తాయి. పాత నియమాల లైబ్రరీ, నేటి బ్రౌజర్ ఒకే లింకును చదివి రెండు వేర్వేరు డొమైన్లకు వెళ్లే వీలుంది.

విశాఖపట్న౦: ఇక్కడ చివరిది సున్న కాదు, తెలుగు అంకెల్లోని సున్నా. రెండూ ఒకే లిపివి కనుక, లిపులు కలగలిసాయా అని చూసే తనిఖీకి ఇది చిక్కదు. మాట చివర తెలుగు అంకె వస్తే అనుమానించే ప్రత్యేక నియమం రాసుకోవాలి.

ప్రోగ్రామింగ్ భాషల తీరు

పీహెచ్‌పీలోని యూఆర్ఎల్ ఫిల్టర్ ఆంగ్ల అక్షరాల చిరునామాలనే ఒప్పుకుంటుంది, తెలుగు డొమైన్‌ను నేరుగా ఇస్తే తిప్పికొడుతుంది. పైథాన్‌లోని యూఆర్ఎల్‌లిబ్ చిరునామాను భాగాలుగా విడగొడుతుంది కానీ సరిచూడదు. ఆ భాషతో వచ్చే ఐడీఎన్ఏ కోడెక్ 2003 నియమాలది, కొత్త నియమాలకు వేరే ప్యాకేజీ పెట్టుకోవాలి. జావాలో యూఆర్ఎల్ కన్‌స్ట్రక్టర్ల వాడకాన్ని 20వ వెర్షన్ నుంచి నిరుత్సాహపరిచారు. బదులుగా సూచించే యూఆర్ఐ తరగతికి తెలుగు డొమైన్‌ను అలాగే ఇస్తే హోస్ట్ పేరు ఖాళీగా తిరిగొస్తుంది. ముందు ప్యూనీకోడ్‌లోకి మార్చి ఇవ్వాలి.

భద్రత

రూపం సరైనదైనంత మాత్రాన లింకు నమ్మదగినది కాదు. ప్రభుత్వ సైట్లనే అనుమతించాలనుకున్నప్పుడు, చిరునామాలో ఎక్కడో ‘గవ్ డాట్ ఇన్’ కనిపిస్తే సరిపోదు, చుక్కతో సహా హోస్ట్ పేరు చివర ఉండాలి. ‘ఎట్’ గుర్తుకు ముందున్న భాగం యూజర్ పేరు మాత్రమే, అసలు హోస్ట్ దాని తర్వాతే మొదలవుతుంది. వెనుక గీతను బ్రౌజర్లు ముందు గీతగా చదువుతాయి, అన్ని లైబ్రరీలూ అలా చదవవు. సర్వరే లింకు తెరిచేటట్లయితే 127.0.0.1 వంటి లోపలి అడ్రసులను, దారిమళ్లింపు తర్వాత చేరే అడ్రసును కూడా అడ్డుకోవాలి.

పరీక్షల అమరిక

యూనిట్ టెస్టులు నెట్‌వర్క్ మీద ఆధారపడకూడదు. ఎవరిదో అసలు సైటు ఆ రోజు మూతపడితే కోడ్ చెడిపోయినట్లు కనిపిస్తుంది. 1999 జూన్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2606 ‘.టెస్ట్’, ‘.ఎగ్జాంపుల్’, ‘.ఇన్వాలిడ్’ అనే ఆంగ్ల డొమైన్లను ఇలాంటి అవసరాలకే కేటాయించింది. పోర్టు సంఖ్య విషయంలో 65535ను ఒప్పుకోవాలి, 65536ను తిప్పికొట్టాలి. తెలుగు పేరును ప్యూనీకోడ్‌లోకి మార్చి, మళ్లీ తెలుగులోకి తెస్తే మొదటి పేరే రావాలి.

2015లో ఏర్పడిన యూనివర్సల్ యాక్సెప్టెన్స్ స్టీరింగ్ గ్రూప్ సాఫ్ట్‌వేర్‌కు అయిదు కొలతలు పెట్టింది: పేరును స్వీకరించడం, సరిచూడటం, భద్రపరచడం, ప్రాసెస్ చేయడం, చూపించడం. తప్పుడు చిరునామాను ఒప్పుకున్న కోడ్ ఎక్కడో ఒకచోట విరిగి దొరికిపోతుంది. సరైన తెలుగు చిరునామాను కాదన్న కోడ్ మీద ఫిర్యాదు రావడం అరుదు. వాడేవారు విసిగి ఆంగ్లంలో మరో చిరునామా ఇచ్చి వెళ్లిపోతారు. కనుక తిప్పికొట్టాల్సిన వాటి జాబితాతో పాటు, తప్పనిసరిగా ఒప్పుకోవాల్సిన తెలుగు పేర్ల జాబితా కూడా టెస్టుల్లో ఉండాలి.