ఊళ్లో ఒక ఓటు, హైదరాబాద్‌లో ఇంకోటి... కంప్యూటర్ ఎందుకు ఆపలేదు? మీరేం చేయాలి?

ఉద్యోగం కోసం భీమవరం నుంచి హైదరాబాద్ వచ్చారు. అపార్ట్‌మెంట్‌లో ఓటర్ల నమోదు క్యాంపు పెడితే ఫారం-6 నింపి ఇచ్చారు. కొత్త కార్డు వచ్చింది, పాతది ఊళ్లో బీరువాలోనే ఉంది. మీరు కావాలని చేయకపోవచ్చు. కానీ ఇప్పుడు మీ పేరు రెండు జాబితాల్లో ఉంది.

ప్రజాప్రాతినిధ్య చట్టం-1950లోని సెక్షన్ 17 ప్రకారం ఒకరి పేరు ఒకటికి మించి నియోజకవర్గాల్లో ఉండకూడదు. ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదని సెక్షన్ 18 చెబుతుంది.

మరి అంత పెద్ద డేటాబేస్ దీన్ని ఎందుకు పట్టుకోలేదు?

ఓటర్ల వివరాలు ఒక పట్టికలో, నియోజకవర్గాలు మరో పట్టికలో ఉన్నాయనుకోండి. 'ఈ ఓటరు, ఈ నియోజకవర్గం' అని రెంటినీ కలిపే పట్టిక మూడోది. అదే జంట రెండోసారి రాకూడదని నిబంధన పెడితే కంప్యూటర్ క్షణంలో ఆపేస్తుంది. అయితే ఈ నిబంధన మీ కేసులో పనికిరాదు, ఎందుకంటే నియోజకవర్గం మారింది కాబట్టి జంట కొత్తదే. సరే, 'ఒక ఓటరుకు ఒక్క వరుసే' అని నిబంధనను ఇంకా బిగిద్దాం. అప్పుడూ ఆగదు. ఫారం-6 కొత్త ఓటరుకు ఉద్దేశించినది. దాంతో మీకు కొత్త ఎపిక్ నంబరు వచ్చింది. నంబరును బట్టి చూసే కంప్యూటర్‌కు మీరు ఇద్దరు మనుషులు!

పేరుతో పోల్చవచ్చు కదా అంటారా? ఒకచోట 'వెంకటేశ్వరరావు', ఇంకోచోట 'వెంకటేశ్వర్రావు', మరోచోట ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. అలాగని పేరు, తండ్రి పేరు, వయసు కలిసినంత మాత్రాన తీసేస్తే నిజంగా వేరే మనిషి ఓటు పోతుంది. అందుకే పోలికలున్న పేర్లను, ఫొటోలను సాఫ్ట్‌వేర్ వేరుచేసి చూపిస్తుంది. నిర్ణయం నమోదు అధికారిదే. అదీ మీ వాదన వినే అవకాశం ఇచ్చాకే.

దీనికి తిరగబడిన కథ కూడా ఉంది. వేర్వేరు రాష్ట్రాల్లో కొందరికి ఒకే ఎపిక్ నంబరు ఉందని 2025 మార్చిలో ఎన్నికల సంఘమే చెప్పింది. డేటా ఒకే వేదికపైకి రాకముందు రాష్ట్రాలు విడివిడిగా నంబర్లు ఇవ్వడమే కారణం. నంబరు ఒకటైనంత మాత్రాన దొంగ ఓటు కాదన్నమాట.

ఇక మీ పని. ఓటర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు, పుట్టిన తేదీతో వెతకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ విడివిడిగా చూడాలి. రెండు చోట్లా ఉంటే అక్కర్లేని చోట ఫారం-7 ఇవ్వండి. పెట్టాక వచ్చే రిఫరెన్స్ నంబరు దాచుకోండి.

ఇంకా ఇక్కడ నమోదు చేసుకోనివాళ్లు ఫారం-6 జోలికి వెళ్లొద్దు. ఇల్లు మారితే ఫారం-8 ఇవ్వాలి. ఎపిక్ నంబరు పాతదే ఉంటుంది, పేరు పాత జాబితా నుంచి కొత్త జాబితాకు మారుతుంది. ఫారం-6లో 'ఇంకెక్కడా నా పేరు లేదు' అని మీరే సంతకం చేస్తారు. తెలిసి అబద్ధం చెబితే సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సందేహం ఉంటే 1950కి ఫోన్ చేయండి.