అరెస్ట్ అయితే ముందు ఏ కోర్టు? బెయిల్ ఎక్కడ? క్రిమినల్ కోర్టుల్లో ఎవరి పవర్ ఎంతంటే..

హత్య కేసులో పోలీసులు ఒకరిని అరెస్ట్ చేశారు.. ముందు మేజిస్ట్రేట్ దగ్గరికే తీసుకెళ్తారు. కానీ హత్య కేసు విచారించే అధికారం ఆ మేజిస్ట్రేట్‌కు లేదు. మరి అక్కడికెందుకు? ఈ లెక్క తెలియకపోతే బెయిల్ కోసం ఒక కోర్టుకు వెళ్లాల్సింది ఇంకో కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అరెస్ట్ చేసిన 24 గంటల్లోగా నిందితుడిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ప్రయాణ సమయం దీనికి అదనం. పోలీసుల కస్టడీపై తొలి చెక్ ఇదే. రిమాండ్ విధించాలా, వద్దా అన్నది అక్కడే తేలుతుంది.

మేజిస్ట్రేట్ కోర్టులు

సీఆర్పీసీ స్థానంలో 2024 జులై 1న బీఎన్ఎస్ఎస్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సెకండ్ క్లాస్ మేజిస్ట్రేట్ ఏడాది వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా వేయొచ్చు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అయితే మూడేళ్లు, రూ.50 వేలు. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు ఏడేళ్ల వరకు జైలుశిక్ష వేసే అధికారం ఉంది. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్న మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ హోదా కొత్త చట్టంలో లేదు.

సెషన్స్ కోర్టు

హత్య, అత్యాచారం లాంటి తీవ్రమైన కేసులు ఇక్కడికి వస్తాయి. ఛార్జిషీట్ పడ్డాక హత్య కేసును మేజిస్ట్రేటే సెషన్స్‌కు పంపిస్తారు. ఇక్కడ మరణశిక్ష కూడా వేయొచ్చు.. కానీ హైకోర్టు ఖరారు చేస్తేనే అది అమలవుతుంది.

బెయిల్ ఎక్కడ?

మరణశిక్ష లేదా యావజ్జీవం పడే కేసుల్లో మేజిస్ట్రేట్ సాధారణంగా బెయిల్ ఇవ్వలేరు. మహిళలు, పిల్లలు, అనారోగ్యంతో ఉన్నవారి విషయంలో మాత్రం వెసులుబాటు ఉంది. మిగతావాళ్లు సెషన్స్ కోర్టుకు గానీ హైకోర్టుకు గానీ వెళ్లాలి. ముందస్తు బెయిల్ ఇచ్చేది కూడా ఈ రెండు కోర్టులే.

శిక్ష పడితే..

మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే 30 రోజుల్లో సెషన్స్‌లో అప్పీల్ చేసుకోవాలి. సెషన్స్ శిక్షపై 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. మరణశిక్ష అయితే గడువు 30 రోజులే. 2019 జనవరి 1 నుంచి ఏపీ కేసులకు అమరావతిలో, తెలంగాణ కేసులకు హైదరాబాద్‌లో వేర్వేరు హైకోర్టులు ఉన్నాయి. ఆ పైన సుప్రీంకోర్టే.. అయితే చాలా కేసుల్లో అక్కడ అప్పీల్‌కు ముందుగా అనుమతి కావాలి.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదా? కస్టడీలో ఉన్నవారు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదంటే 15100కు ఫోన్ చేయొచ్చు.