తెలుఁగు బైబిలు తొలి యనువాదకుల త్యాగము

క్రైస్తవధర్మమును బోధించుటకై తెలుఁగున గ్రంథరచనకు పూనుకొనినవారి త్యాగమును వర్ణించువారు సముద్రయానము, పరదేశవాసము, అకాలమరణము అను మూఁటినే సాధారణముగా పేర్కొందురు. అవి సత్యములే. కాని యనువాదకుని త్యాగము వానితో ముగియదు. ఆయన వాక్యము తరువాతివారిచే దిద్దఁబడి, తుదకు ఆయన పేరే మఱుఁగుపడును. తెలుఁగు బైబిలు చరిత్ర యిందులకు చక్కని నిదర్శనము.

ఈ కృషిలో మొదటివాఁడు బెంజమిన్ షుల్జి. 1719లో తరంగంబాడికి వచ్చిన యీ జర్మను బోధకుఁడు పిదప చెన్నపట్టణమున నివసించి, 1732 నాఁటికి బైబిలును తెలుఁగు చేసెను. అది అచ్చుకాలేదు. 1743లో స్వదేశమునకు మరలిన పిమ్మట, 1746-47లలో హాలె నగరమున కొన్ని చిన్న పుస్తకములను మాత్రము ఆయన తెలుఁగున ముద్రింపించెను. తెలుఁగు ముద్రణమునకు ఇవియే తొలి ఫలములు. ఆయన ప్రధానకృతి మాత్రము వ్రాతప్రతిగనే యుండిపోయెను.

1805లో లండను మిషను పక్షమున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అనువారు విశాఖపట్టణము చేరిరి. క్యాంబెలు వ్యాకరణము 1816లోను, బ్రౌను నిఘంటువు 1852లోను వెలువడినవి; కావున వారికి అట్టి సాధనము లెవ్వియు లేకుండెను. ఆనందరాయరు అను బ్రాహ్మణుఁడు క్రైస్తవమతమును స్వీకరించి వారికి తోడయ్యెను. దొరలు విడిచినది స్వదేశము. వారి సంఘము వారిని గౌరవించుచునే యుండెను. ఆనాఁటి బ్రాహ్మణునకు మతాంతరమనఁగా స్వగ్రామముననే పరాయివాఁడగుట. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజి మృతినొందిరి. వీరు సిద్ధపఱచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయినవి. అనువాదకు లిరువురును వానిని కన్నులార చూడనేలేదు.

ఆ 1812 మార్చి నెలలోనే శ్రీరాంపుర ముద్రాలయము అగ్నికి ఆహుతియయ్యెను. విలియం క్యారీ రచించిన తెలుఁగు వ్యాకరణపు వ్రాతప్రతియు అందు దగ్ధమయ్యెను. ఆయన దానిని మరల వ్రాసి 1814లో ప్రకటించెను. 1818లో శ్రీరాంపురమువారి తెలుఁగు క్రొత్తనిబంధనము వెలువడెను. విశాఖపట్టణమున ప్రిచ్చెట్టు పూర్తిచేసిన క్రొత్తనిబంధనమును ఆ సంవత్సరమే చెన్నపట్టణమున అచ్చయ్యెను. ఒకే గ్రంథమునకై రెండుచోట్ల ఏండ్లకొలఁది శ్రమ వ్యయమయ్యెను. తరువాతి సంస్కరణములకు విశాఖపట్టణపు పాఠమే మూలమయ్యెను. క్యారీ పాఠము మూలఁబడెను. 1820లో ప్రిచ్చెట్టును, ఆయన పిదప పాతనిబంధనమునకై పాటుపడిన గోర్డను 1828లోను గతించిరి. సమగ్రగ్రంథమునకై ఆంధ్రులు ఆ శతాబ్ది మధ్యభాగమువఱకు వేచియుండవలసి వచ్చెను.

కీర్తనకారుల గతి వేఱు. బ్రాహ్మణకులమున పుట్టి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి (1803-1890) కర్ణాటక రాగములలో క్రైస్తవకీర్తనలు రచించెను. స్వజనమునకు దూరమైనను, ఆయన పేరు కీర్తనల పుస్తకమున నిలిచినది. కీర్తనను దిద్దుటకు పాడువారు ఒప్పుకొనరు. అనువాదమును దిద్దకుండుటకు పండితులు ఒప్పుకొనరు, ఒప్పుకొనరాదు కూడ. మూలమునకును, ప్రజల వాడుకకును మఱింత చేరువ యగుటకై అనువాదము మాఱుచునే యుండవలయును. తాను వ్రాసినది కొట్టివేయఁబడు ననియెఱిఁగియు శ్రద్ధతో వ్రాయుటయే యీ వృత్తియందలి కఠినమైన త్యాగము.

నేఁడు హైదరాబాదు నారాయణగూడలోని బాప్టిస్టు దేవాలయమున ఆదివారమునాఁడు తెలుఁగు బైబిలు చదువఁబడునపుడు, ఏ మాట షుల్జి తరువాత ఎవరి చేతినుండి వచ్చినదో వినువారు విచారింపరు. విచారింపనక్కఱయు లేదు, భక్తునకు వాక్యము చాలును. కాని తెలుఁగు గద్యచరిత్ర వ్రాయువాఁడు అట్లు ఊరకుండరాదు. దొరల పేళ్లు నివేదికలయందు దొరకును. వారి ప్రక్కను కూర్చుండి, ప్రతివాక్యమునకు తెలుఁగునుడికారము కూర్చిన ఆనందరాయరువంటివారి పేళ్లను వెదకి వ్రాసియుంచుట మన పండితుల విధి.