తల్లి దగ్గరే మొదలయ్యే లోటు: వీగన్ శిశుపోషణలో బి12 పాత్ర

మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసే వీగన్ ఆహారం పసిపిల్లలకు క్షేమమేనా? నిపుణుల సంఘాలు ఒక్క మాట మీద లేవు. సరిగా అమర్చుకుంటే శైశవంతో సహా అన్ని దశల్లోనూ సరిపోతుందని అమెరికా పోషకాహార నిపుణుల సంఘం 2016లో ప్రకటించింది. అదే ఏడాది జర్మనీ పోషకాహార సంఘం గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు దాన్ని సిఫారసు చేయలేమంది. ఆ అమరిక ఎప్పుడు మొదలవ్వాలన్నదే కీలకమనీ, అన్నప్రాశన నాటికి ఆలోచిస్తే ఆలస్యమేననీ ఈ వ్యాసం ప్రతిపాదన.

వెల్లూరు సాక్ష్యం

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన జాధవ్, వెబ్, వైష్ణవ, బేకర్ 1962లో లాన్సెట్ పత్రికలో ఒక శిశురోగాన్ని వివరించారు. తల్లిపాల మీద పెరుగుతున్న బిడ్డల్లో రక్తహీనత కనిపించింది, చర్మం నల్లబడింది, వచ్చిన ఆటపాటలు వెనక్కిపోయాయి. మూలకారణం, ప్రధానంగా పాలు, గుడ్లు, మాంసం నుంచే అందే విటమిన్ బి12 లోపం. అది తల్లుల్లోనూ ఉంది. 1978లో వెలువడిన ఒక అమెరికా నివేదిక ప్రకారం, వీగన్ తల్లి పాలే తాగుతున్న ఆరు నెలల శిశువు ఇదే లోపంతో కోమాలోకి వెళ్లింది.

పెద్దవారి కాలేయంలో బి12 నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది. పుట్టిన బిడ్డకు తల్లి ఇచ్చిన కొద్దిపాటి నిల్వే ఆధారం, ఆపైన ఆమె పాలు. అందుకే తల్లి ఆరోగ్యంగా కనిపిస్తుండగానే బిడ్డ జబ్బుపడవచ్చు.

ఐరోపా అధ్యయనాలు

జర్మనీలో 1–3 ఏళ్ల పిల్లలు 430 మందిని పరిశీలించిన 2019 అధ్యయనంలో వీగన్ పిల్లల సగటు ఎత్తు, బరువు మిగతావారితో సమానంగానే ఉన్నాయి. అయితే ఆ కొలతలు తల్లిదండ్రులు చెప్పినవి. పోలండ్‌లో 5–10 ఏళ్ల పిల్లలపై 2021లో వెలువడిన అధ్యయనంలో, మాంసాహార కుటుంబాల పిల్లలకన్నా వీగన్ పిల్లలు సుమారు 3 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. ఎముకల్లో ఖనిజాలు తక్కువ. చెడు కొలెస్ట్రాల్ కూడా తక్కువే. ఒక్కసారి తీసిన కొలతలు కాబట్టి కారణాన్ని తేల్చలేవు. పర్యవేక్షణ అవసరాన్ని మాత్రం చెబుతాయి.

చర్చ

గర్భం నుంచే తల్లికి, తల్లిపాలు తగ్గే కొద్దీ బిడ్డకు బి12 అందాలి. తల్లిపాలు లేకపోతే ఏడాదిలోపు బిడ్డకు సోయా ఫార్ములా వాడవచ్చు. బాదం పాలు, కొబ్బరి పాలు, రాగిజావ దానికి బదులు కావు. ఇనుము, అయోడిన్, డి విటమిన్, ఎదుగుదల పట్టిక కూడా వైద్యుల కంటికింద ఉండాలి. ఇవి సాధ్యమైన ఇంట్లో వీగన్ బాల్యం క్షేమంగా సాగవచ్చు. సాధ్యంకాని చోట దాన్ని ప్రోత్సహించకూడదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రల్లో ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బి12 ఉండదు. ఫోలిక్ యాసిడ్ రక్తహీనతను సరిచేసినా బి12 లోపం వల్ల నరాలకు జరిగే హాని ఆగదు. పైగా లోపం బయటపడకుండా పోవచ్చు. సిద్ధాంతంతో పాలు మానేసిన ఇంటికీ, కొనలేక మానేసిన ఇంటికీ ఈ ముప్పు ఒకటే. కాబట్టి పాలు, గుడ్లు, మాంసం అందని ప్రతి గర్భిణికీ తొలి పరీక్షల్లోనే బి12 కొలత చేర్చాలి.